బసవన్నకు పెట్టని కాయలు

కాటన్‌పేట, బెంగళూరు
తారణ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ విదియ

పాపక్క వదినకు, భాగీరథి నమస్కారాలు.

స్వామి దయవల్ల ఇక్కడ కులాసా. కదిరప్ప అన్నకు మోకాలి నొప్పి తగ్గిందా? ఆముదం కాచి రాయమని చెప్పాను, రాస్తున్నావో లేదో.

మీ తమ్ముడు పోయినప్పటినుంచీ నేను మీ ఇంటినుంచి ఏమీ అడగలేదు. ఇప్పుడు ఒకటి అడుగుతాను. కారణం ముందు చెబుతాను, లేకుంటే నువ్వు నవ్వుతావు.

ఎండాకాలంలో సర్కారు విద్యా ఇలాకా వాళ్ళు మా పంతుళ్ళందరినీ పిలిపించి చిన్నపిల్లల చదువు గురించి చెప్పారని రాశాను కదా. నెలకొక వస్తువును తీసుకోవాలి. పిల్లలు రోజూ చూసేది, ముట్టుకునేది కావాలి. అక్షరాలు, లెక్కలు, బొమ్మలు, పాట అన్నీ దాని చుట్టూనే తిరగాలి. నాకు ఆ మాట నచ్చింది. శ్రావణంలో వాన పెట్టుకున్నాము. చూరు నీళ్ళు ముంతలో పట్టి కొలిచాము. భాద్రపదంలో మట్టి. వినాయకుణ్ణి చేసి, మిగిలిన మట్టితో అక్షరాలు చేశాము. ఒకటో తరగతిలో ముప్పై మంది. బడికి రానని స్తంభం పట్టుకొని ఏడ్చేవాళ్ళు ఇప్పుడు గంట కొట్టకముందే వచ్చి గడపలో కూర్చుంటున్నారు.

మా హెడ్మేష్టరు వెంకటరమణప్పగారికి మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టుంది. పిల్లలు వానతో మొదలుపెట్టి ముందు 'వ' నేర్చారు. "ఏమమ్మా, అకారం లేకుండానే వకారమా? మీ తరగతిలో పెండ్లికి ముందే సీమంతం చేస్తారా?" అని అందరి ముందూ అన్నారు. నీకు తెలుసు కదా నా సంగతి. ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెట్టుకున్నాక మంచి మంచి బదుళ్ళన్నీ తోచాయి.

కార్తీకంలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన బాగుందంటే ఒకటో తరగతి నాకే ఉంటుంది, ఈ పద్ధతీ ఉంటుంది. బాగాలేదంటే పలక, బెత్తం, పాత పద్ధతి. నన్ను పెద్ద ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడానికి వేస్తారు. ఆ మాట ముందే చెప్పేశారు.

కార్తీకానికి శనక్కాయ పెట్టుకున్నాను. చివరి సోమవారం బసవన్నగుడిలో శనక్కాయల జాతర, ఆ పరిషకు పిల్లలను తీసుకుపోయి కొత్త కాయలు నంది బసవన్న ముందు పోయించాలి. అంతవరకూ లెక్కపెట్టడం, పడితో కొలవడం, కాయ బొమ్మ వేయడం. ఇక్కడ అంగట్లో దొరికేవి తాలు కాయలు. రేషను రోజులు, వాటికీ పిరెం ధరే. నీ కొత్త పంటలో గట్టి కాయలు ఒక సంచి పంపగలవా? పిల్లల చేతికి ఇచ్చేవి, చూడ్డానికి నిండుగా ఉండాలి.

భాగీరథి

ఎర్రగుంటపల్లె, గౌరిబిదనూరు తాలూకా
ఆశ్వయుజ బహుళ దశమి

మరదలు భాగీరథికి పాపక్క దీవించి రాసేది.

నాకు నీ మాదిరి రాసేది రాదు. మాట్లాడినట్లే రాస్తా. మీ అన్న మోకాలు అట్లే ఉండాది. ఆముదం రాస్తే జారిపోతాదని భయమంట. ఇంక నేనేమి చేసేది.

మా పక్కింటి చిక్కమ్మ బెంగళూరికి కూతురింటికి వస్తా ఉంటే ఆమె చేతికి సంచి ఇచ్చినా. రైల్లో దాని మీదే కూచోమని చెప్పినా. ఆమె బరువుకి కాయలు వొలుచుకొని పోయింటే నన్ను అనొద్దు. అన్నీ ఏరినవే. తాలు కాయ ఒకటి కనపడినా నా పేరు మార్చు.

నిజం చెప్పు, శనక్కాయలతో చదువు చెప్పేదానికి సర్కారు జీతమిస్తాదా? మా కాలంలో అయివారు బరిగె దెబ్బలతో చెప్పె. నేను రెండేండ్లు పోయి నా పేరు రాసేది నేర్చుకుంటి. నీ మాదిరి చెప్పేవాళ్ళు ఉండింటే కలెక్టరు అయ్యేదాన్నేమో. మీ అన్న అంటాడు, అప్పుడు ఈ ఇంట్లో రాగిసంకటి ఎవరు కెలికేదని.

పంట సంగతి అడిగినావు. దేవుడు ఇచ్చినంత ఇచ్చినాడు. ఆ హెడ్మేష్టరు మాటకు నువ్వు ఏడ్చొద్దు.

పాపక్క

కాటన్‌పేట, బెంగళూరు
కార్తీక శుద్ధ షష్ఠి

వదినకు నమస్కారాలు.

సంచి చేరింది. చిక్కమ్మ గారు రైల్లో నిలబడే వచ్చారట, సంచిని పెద్దమనిషిలాగా కూర్చోబెట్టి. అంత మంచి కాయలు నేను ఈ మధ్య చూడలేదు. తరగతిలో పోసేసరికి మట్టివాసనకు పిల్లలందరూ వంగి మూతి పెట్టారు.

పాత చీర చించి ముప్పై చిన్న మూటలు కుట్టాను. ఒక్కొక్క దాని మీద పిల్లవాడి పేరు దారంతో కుట్టాను. మూటకు పది కాయలు. ఎవరి పేరు వాళ్ళు వెతికి తీసుకోవాలి. అంజినమ్మ అని ఒక పాప మొదటిరోజే తన పేరు పట్టేసి, పక్కవాళ్ళ పేర్లు కూడా చదివిపెట్టింది. మిగతావి సంచిలోనే. పడితో కొలుస్తాము, అంగడి ఆట ఆడతాము, సాయంత్రం మళ్ళీ సంచిలో పోస్తాము.

ఒకటి జరిగింది. మునిరాజు అని ఒకడున్నాడు. వాళ్ళ నాన్న మగ్గం నేస్తాడు, పొద్దున పిల్లవాడికి తిండి పెట్టారో లేదో చెప్పలేము. వాడు కాయ ఒకటి నోట్లో వేసి కొరికాడు. నేను గట్టిగా ఏమీ అనలేదు. "నాయనా, కొత్త కాయ బసవన్నకు పెట్టకముందు మనం తినకూడదు. ఆయన ఏడాదంతా మన కోసం చేను దున్ని పనిచేస్తాడు కదా, ముందు ఆయన పంక్తి" అని చెప్పాను. మా ఇంట్లోనూ మీ ఇంట్లోనూ అదే కదా ఆచారం. వాడు వెంటనే ఉమ్మేసి, కాయను చొక్కాకు తుడిచి, మళ్ళీ మూటలో పెట్టాడు. ఆనాటినుంచి ఒక్కరూ ముట్టలేదు. మధ్యాహ్నం ఆకలికి కళ్ళు గుంటలు పడ్డవాళ్ళు కూడా మూట వాసన చూసి పక్కన పెడతారు. నాకు గర్వంగానూ ఉంది, మనసు కష్టంగానూ ఉంది. సోమవారం ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను.

వెంకటరమణప్పగారు కిటికీలోంచి చూసి, "రేషను కాలంలో తిండి గింజలతో ఆటలు" అన్నారు. "ఎవరూ తినడం లేదండి" అన్నాను. "అదే నేనూ అంటున్నాను. తినడమూ లేదు, చదవడమూ లేదు" అన్నారు. ఆయనతో ఎట్లా మాట్లాడాలో ఆ పరమాత్మకే తెలియాలి.

పంట సంగతి నువ్వు సరిగా రాయలేదు. వాన పడిందా?

భాగీరథి

ఎర్రగుంటపల్లె
కార్తీక శుద్ధ ద్వాదశి

మరదలా,

పేర్లు కుట్టిన మూటలంట. నాకు నలభై ఏండ్లయినా ఎవరూ నా పేరు కుట్టలేదు. ఒకటి కుట్టి పంపు, వక్కపొడి పెట్టుకునేదానికి.

మునిరాజు సంగతి మీ అన్నకు చదివి చెప్పినా. సోమవారం వానికి రెండు పిడికిళ్ళు ఎక్కువ పెట్టమన్నాడు.

వాన ఎప్పుడు మనం చెప్పినట్లు పడింది? వదిలేయి. ఇన్‌స్పెక్టరు వచ్చిపోయినాక రాయి.

పాపక్క

కాటన్‌పేట, బెంగళూరు
కార్తీక బహుళ అష్టమి

వదినకు,

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళాడు. అంతా అయిపోయింది. అక్షరాలు బాగుండవు, క్షమించు.

మొదట అన్నీ బాగానే ఉన్నాయి. పిల్లలు పేర్లు చదివారు. పడి, అరపడి, సోల చూపించారు. ఆయన మెచ్చుకున్నట్టే తల ఊపాడు. తరువాత అంజినమ్మ మూట విప్పించి అడిగాడు.

"ఏం పాపా, నీ దగ్గర పది కాయలుండాయి. మూడు తినేస్తివి. ఎన్ని మిగిలె?"

"పది."

"మూడు తింటివి కదా?"

"నేను తినలేదు."

"తిన్నట్టు అనుకో."

"ఎట్లా అనుకుంటానయ్యా? ఇంకా బసవన్నకు పెట్టలేదు."

ఆయన మునిరాజును లేపాడు. "నువ్వు చెప్పప్పా. పదిలో మూడు తింటే?"

వాడు చేతులు వెనక్కి పెట్టుకొని, "పదే సార్. ఆ పొద్దు ఒకటి కొరికితిని గానీ ఊసేస్తిని. మూటలోనే ఉండాది" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. ఎవరో చాడీ చెప్పారనుకున్నాడు పాపం.

ఇంకా నలుగురిని అడిగాడు. అందరూ పదే అన్నారు. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు అడగకముందే పది అన్నారు.

నేను లేచి, "సోమవారం తరువాత అడిగితే చెబుతారండి" అన్నాను. ఆయన నవ్వి, "తీసివేతలకు కూడా ముహూర్తమా అమ్మా?" అన్నాడు. వెంకటరమణప్పగారు గోడ మీది పటం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన నవ్వి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను, "పదిలో మూడు బసవన్నకు పెడితే ఎన్ని?" అని. ముప్పైమందీ ఒక్క గొంతుతో "ఏడు" అన్నారు. గోడలు అదిరాయి వదినా. ఆ గొంతు వాళ్ళు వాకిలి దాటకముందే వినిపించి ఉంటే. ఆ ప్రశ్న నాకు అప్పుడే తోచి ఉంటే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. ఆయన అడిగింది తప్పు కాదు, వీళ్ళు చెప్పింది తప్పు కాదు. పూజ చేస్తూ కూడా బసవన్నతో తగువు పడుతున్నాను. నీ పంక్తి నీకు ఉంచినందుకు నువ్వు నాకు చేసింది ఇదా అని.

పిల్లలకు తీసివేత రాదని రాశాడట. వచ్చే నెలనుంచి ఒకటో తరగతి శ్రీనివాసులు అనే కొత్త అతనికి. నేను కుట్టుపనికి. సోమవారం పరిషకు తీసుకుపోవడానికి కూడా వీల్లేదన్నారు, పనిదినమట.

నేను నిర్ణయించుకున్నాను. సోమవారం సాయంత్రం సంచి విప్పి మొత్తం పంచేస్తాను. ఒక్క గింజ మిగలనివ్వను. పొట్ట నిండా తిని, మిగిలింది జేబుల్లో పోసుకొని పోనీ. కనీసం కడుపైనా నిండుతుంది. ఆ తరువాత ఈ నెలకొక వస్తువు అనే మాట నా నోట రాదు.

భాగీరథి

ఎర్రగుంటపల్లె
కార్తీక బహుళ దశమి

భాగీరథికి,

నీ జాబు ఈ పొద్దే వచ్చింది. పొయ్యి మీద అన్నం దించకుండానే రాస్తా ఉండా. ఆ సంచి పంచొద్దు. నీ కాళ్ళకు మొక్కుతా.

నేను నీకు చెప్పలేదు. శ్రావణంలో చుక్క పడలేదు. చెట్టు పీకితే వేరుకు రెండు, మూడు బుడ్డలు, అవీ తాలు. ఉన్నదాంట్లో గట్టి కాయ ఏరి ఏరి వచ్చే ఏటికి విత్తనానికి పెట్టుకుంటిమి. నువ్వు గట్టి కాయ అడిగితివి. ఇంట్లో గట్టి కాయంటే అదే. పెద్ద చేనుకని కొంచెం ఉంచుకొని, బాయి పక్కనుండే చిన్న కయ్య విత్తనం నీకు పంపినా. ఆ కయ్యలో వచ్చేదే మాకు ఏడాదికి నూనె.

కొలిచేదానికి, ఆడేదానికి అంటివి కదా. పరిషకు గుప్పెడు పోతే పోనీ, మిగిలింది పెద్ద పండగలోపల అడిగి తెప్పించుకుందామనుకుంటి. నువ్వు ఇన్నేండ్లలో మా ఇంట్లోనుంచి చిటికెడు ఉప్పు అడగలేదు. తమ్ముడు పోయినాక చీర పెడతామన్నా వద్దంటివి. అడిగిన ఒక్క దినం లేదని ఎట్లా చెప్పేది? మీ అన్న కూడా పంపమనే అన్నాడు. ఇప్పుడు విత్తనం కొందామంటే ఎక్కడా దొరకదు.

ఇది నీకు సోమవారం లోపల చేరాల. చేరకపోతే వాళ్ళు తిన్నదే పుణ్యం అనుకుంటాము. నిన్ను ఒక మాట కూడా అనం. అది గుర్తు పెట్టుకో.

పాపక్క

కాటన్‌పేట, బెంగళూరు
కార్తీక బహుళ చతుర్దశి, మంగళవారం

వదినా,

నీ జాబు ఈ రోజు మధ్యాహ్నం చేరింది. సోమవారం నిన్ననే అయిపోయింది.

భయపడవద్దు. ముందు ఆ మాట చెప్పేస్తాను. సంచి నిండుగానే ఉంది. ఏం జరిగిందో విను.

నిన్న పరిషకు పోనివ్వలేదు. పొద్దున్నుంచీ కాటన్‌పేట వీధి వెంట జనం బసవన్నగుడి వైపు పోతూనే ఉన్నారు. పిల్లలు కిటికీ దగ్గర గుంపు కట్టారు. "మనం ఎప్పుడు పోయేది?" అని ఒకటే అడగడం. నేను పోవడం లేదని చెప్పలేక, బడి విడిచే ముందు సంచి మూతి విప్పి, "ఇంక తినండి" అన్నాను.

ఎవరూ కదలలేదు. అంజినమ్మ అడిగింది, "బసవన్నకు పెట్టినారా అమ్మా?"

అబద్ధమాడితే ఒక్క నిమిషంలో అయిపోయేది. నాకు నోరు రాలేదు. "లేదు" అన్నాను. "పెట్టకపోయినా ఫరవాలేదు, తినండి" అన్నాను. అప్పటికీ కదలలేదు. వదినా, నేను అరిచాను. ఇన్నేళ్ళలో బడిలో నా గొంతు ఎవరూ వినలేదు, నిన్న పక్క తరగతివాళ్ళు కూడా విన్నారు. "తినమంటుంటే తినరేం" అని. మునిరాజు మూటను గుండెకు పట్టుకొని, "నువ్వే కదమ్మా ముందు ఆయన పంక్తి అని చెప్తివి" అన్నాడు. అందరూ మూటలు కట్టి నా బల్ల మీద పెట్టి ఇళ్ళకు పోయారు. నేను ఒక్కదాన్నే కూర్చొని ఏడ్చాను. ఓడిపోయింది చాలక పిల్లల చేతిలో కూడా ఓడిపోయానని.

ఈ రోజు నీ జాబు చదివాక ఆ మూటలను చూడలేకపోయాను. ఆ హెడ్మేష్టరు పరిషకు పొమ్మని ఉంటే ఈపాటికి నీ చిన్న కయ్య ముప్పై కడుపుల్లో ఉండేది. ఆయనకు దండం పెట్టాలా, శాపం పెట్టాలా, నాకు తెలియడం లేదు. మనసులో ఉన్నది శాపమే, ఏం దాచను.

నీ మీద కూడా కోపం వచ్చింది. గట్టి కాయలు కావాలని నేను రాసేటప్పుడు, లేవు అని నువ్వు ఒక్క మాట రాసి ఉంటే చాలు కదా. మనిద్దరం ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ చేను మునగబెట్టేవాళ్ళం.

పిల్లలకు నిజం చెప్పాను. ఇవి విత్తనాలు, మళ్ళీ ఊరికి పోతాయి, పండినాక బసవన్నకు పెడతాము, అప్పుడు తింటాము అని. అంజినమ్మ "నాటితే పదికి ఎన్ని వస్తాయి?" అని అడిగింది. ఎవరూ అడగమనలేదు, అదే అడిగింది. నాకు తెలియదు, మా వదినను అడుగుతానన్నాను.

చిక్కమ్మ గారు ఎల్లుండి మీ ఊరికి తిరిగి వస్తున్నారు. సంచి పంపుతున్నాను. మూటలు విప్పడానికి చేతులు రాలేదు, అట్లాగే పైన పెట్టాను.

భాగీరథి

కాటన్‌పేట, బెంగళూరు
మాఘ శుద్ధ సప్తమి

వదినకు నమస్కారాలు.

రథసప్తమి స్నానం చేసి కూర్చొని రాస్తున్నాను. కుట్టుపని బాగానే సాగుతోంది. పెద్ద పిల్లలు నెమ్మదస్తులు. సూదిలో దారం ఎక్కించడానికి నాకే కళ్ళు సరిపోవడం లేదు.

మా గది, ఒకటో తరగతి పక్కపక్కనే. పొద్దున్నుంచీ ఎక్కాలు వినిపిస్తాయి. శ్రీనివాసులు చెడ్డవాడు కాదు. బెత్తం కూడా ఎక్కువగా తీయడు. కానీ కిటికీలు మూసి చెబుతాడు. స్తంభం పట్టుకొని ఏడ్చేవాళ్ళు మళ్ళీ మొదలయ్యారు.

నిన్న గోడ అవతల అంజినమ్మను అడగడం విన్నాను, పదిలో మూడు పోతే ఎన్ని అని. ఏడు అని వెంటనే చెప్పింది. ఏమి పది, ఎవరి మూడు అని అడగలేదు. నాకు సంతోషం కలగలేదు. సరిగ్గా చెప్పింది కదా, ఎందుకు కలగలేదు అని రాత్రి జపం చేసుకుంటూ కూడా అనుకున్నాను. జపం తప్పింది.

భాగీరథి

ఎర్రగుంటపల్లె
పార్థివ సంవత్సరం, ఆషాఢ బహుళ తదియ

మరదలు భాగీరథికి పాపక్క దీవించి రాసేది.

ఈ ఏడు వాన ముందే వచ్చింది. పెద్ద చేను విత్తినాము. చిన్న కయ్య నేనే విత్తినా, మీ అన్నను గట్టు మీద కూచోబెట్టి.

నీ మూటలు విప్పకుండానే చిలక్కొయ్యకు తగిలించి పెట్టింటి. వాటిని కలిపేదానికి నాకూ చేతులు రాలేదు. కాబట్టి పిల్లోనికొక సాలు పెట్టినా. ఒక్కో మూట ఒలిచి, కాయకొక చోట గింజలు పెట్టి, సాలు మొదట్లో పుల్ల గుచ్చి, దానికి ఆ మూటగుడ్డ కట్టినా. ముప్పై పుల్లలు. నాకొచ్చిన రెండేండ్ల చదువుతో కూడబలుక్కుంటా పేర్లన్నీ చదివినా. దోవలో పొయ్యేవాళ్ళు నిలబడి, ఇదేమి పాపక్కా, చేనా, బడా అని అడుగుతా ఉండారు. రెండూ అని చెప్తా ఉండా.

మొలకలు బాగా వచ్చినాయి. అంజినమ్మ సాలు అన్నిటికంటే ముందు లేచింది. నువ్వు రాసినట్లే ఉండాది, పక్క సాళ్ళ మీదికి పోతా.

పదికి ఎన్ని వస్తాయని ఆ పాప అడిగింది కదా. నేను చెప్పను. కార్తీకంలో చెట్లు పీకేటప్పుడు నువ్వు పిల్లోళ్ళను తీసుకొని రా, వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. అందరినీ పంపకపోతే వచ్చినవాళ్ళనే తీసుకొని రా. సెలవు దినం వస్తే మీ హెడ్మేష్టరును అడిగేది ఏముండాది? బసవన్న వంతు ఇక్కడినుంచే ఎత్తుకొని పోదురు.

ఇంకొక మాట. మునిరాజు మూటలో ఒక కాయ మీద పంటి గాటు ఉండాది. లోపల గింజ కూడా నలిగిపోయి ఉండాది. అయినా వాని కాయ కదా అని పెట్టినా. అదొక్కటే మొలవలేదు. సాలులో ఆ చోటు ఖాళీగా ఉండాది. మీ అన్న వేరే గింజ పెడతానంటే నేను వద్దంటి.

రెండో తరగతికి పోయింటాడు కదా వాడు. కనపడితే పిలిచి అడుగు, పదిలో ఒకటి పోతే ఎన్నని. ఈసారి సరిగ్గా చెప్తాడు. ఎక్కడ పోయిందో వానికి తెలుసు.

పాపక్క